నేపథ్యం లేని జట్టు

హెర్న్‌డన్‌లో వసంతకాలపు శనివారం ఉదయం ఏ బడి మైదానానికి వెళ్ళినా, ఆట చూడడానికి వచ్చినవారి మధ్య ఆట చూడని మనిషి ఒకరు కనిపిస్తారు. చేతిలో పిల్లల ఫొటో కార్డుల కట్ట ఉంటుంది. జేబులో రిఫరీకి ఇవ్వవలసిన పైకం, కారు వెనుక మంచినీళ్ళ సీసాలు, నారింజ తొనలు, ఐస్ సంచులు, ఎవరో ఒకరు మరచిపోయి వస్తారని ముందే తెచ్చిపెట్టిన అదనపు మేజోళ్ళు. పదకొండేళ్ళ ఆడపిల్లల జట్టుకు ఈమె, లేదా ఈయన, టీమ్ మేనేజరు. శిక్షకుడికి జీతం ఉంటుంది, రిఫరీకి రుసుము ఉంటుంది, ఈ మనిషికి ఏమీ ఉండదు. డల్లెస్ విమానాశ్రయం చుట్టూ కంప్యూటరు కొలువుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు కూడా ఈ పనిలో కనిపిస్తారు. చిన్ననాట క్రికెట్ తప్ప మరొక ఆట ఎరగనివారు, ఆఫ్‌సైడ్ నియమం నేటికీ పూర్తిగా అర్థం కానివారు, కూతురి కోసం ఈ బాధ్యత నెత్తిన వేసుకుంటారు.

ఉత్తర వర్జీనియా అమెరికా మహిళల ఫుట్‌బాల్‌కు పుట్టిల్లు కాకపోవచ్చు గాని, మేనత్త ఇల్లు వంటిది. మియా హామ్ 1989లో ఉన్నత పాఠశాల చదువు ముగించినది హెర్న్‌డన్‌కు ఇరవై మైళ్ళ లోపున ఉన్న బర్క్‌లోని లేక్ బ్రాడక్ పాఠశాలలో. 2015లోనూ 2019లోనూ అమెరికాకు ప్రపంచ కప్పు తెచ్చిన శిక్షకురాలు జిల్ ఎల్లిస్ తన పదిహేనవ యేట, 1981లో, ఇంగ్లండు నుండి ఈ ప్రాంతానికి వచ్చింది. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం 1921లో ఆడవారికి తన మైదానాలు మూసివేసింది. ఆ నిషేధం యాభై ఏళ్ళు నిలిచింది. తొలగిన తరువాత కూడా ఆడపిల్ల చేరి ఆడదగిన జట్టు ఎల్లిస్‌కు అక్కడ దొరకలేదు. ఆమె తొలిసారిగా ఒక జట్టు చొక్కా వేసుకున్నది ఇక్కడ, ఈ టీమ్ మేనేజర్ల రాజ్యంలోనే. ఆమె ఆడిన బ్రాడక్ రోడ్ బ్లూబెల్స్ జట్టు 1984లో పందొమ్మిదేళ్ళ లోపువారి జాతీయ విజేతగా నిలిచింది. ఆ మరుసటి యేడే అమెరికా జాతీయ మహిళల జట్టు మొదటిసారి బరిలోకి దిగింది. ఆ జాతీయ జట్టుకు, విచిత్రమేమిటంటే, బ్లూబెల్స్‌కు ఉన్నపాటి పెద్దదిక్కు కూడా లేదు.

నేపథ్యం అనే మాటను నేడు కథకు పూర్వరంగం అనే అర్థంలో వాడుతున్నాము. సంస్కృత నాటకంలో అది యవనిక వెనుక ఉండే వేషశాల. తెలుగువారికి ఆ చోటు ఎంత పెద్దదో సురభి చూపింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు నెలకొల్పిన ఆ నాటక సమాజంలో రాత్రి రాజు వేషం కట్టినవాడు పగలు గుంజలు పాతాడు, రాణి వేషం వేసినామె వేషాలు కుట్టుకుంది, పసిపిల్లవాడిని తెర పక్కన ఉయ్యాలలో వేసి రంగం మీదికి నడిచింది. వేదిక, నేపథ్యం అనే రెండు చోట్ల మధ్య అక్కడ మనుషులు వేరు కారు. సరిగ్గా నూరేళ్ళకు, 1985లో, అమెరికా మహిళల జట్టు పరిస్థితీ అదే. తేడా ఒకటుంది. సురభివారిది కుటుంబం, ఎంచుకున్న జీవనవిధానం. ఈ క్రీడాకారిణుల వెనుక ఉన్నది ప్రపంచంలోకెల్లా ధనిక దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య.

ఆ కథ ఇది. 1985 జూలైలో లూసియానా రాష్ట్రం బాటన్ రూజ్‌లో ఒక క్రీడోత్సవం జరిగింది. అది ముగిసేసరికి పదిహేడు మంది పేర్లు చదివి, మీరు జాతీయ జట్టు అన్నారు. సియాటెల్‌లో శిక్షకుడైన మైక్ ర్యాన్‌కు వారిని అప్పగించారు. న్యూయార్కు పక్కన లాంగ్ ఐలండ్‌లో కొద్దిరోజుల సాధన, వెనువెంటనే ఇటలీలోని యెసోలో పట్టణానికి ప్రయాణం. బయలుదేరే ముందు దుస్తుల పెట్టెలు వచ్చాయి. విప్పి చూస్తే అన్నీ మగవారి కొలతలు. చొక్కాలు మోకాళ్ళ దాకా వేలాడాయి. ఆ రాత్రి దేశపు మొట్టమొదటి జాతీయ క్రీడాకారిణులు కత్తెరలు, సూదీదారాలు, ఇస్త్రీపెట్టె ముందు వేసుకుని కూర్చుని అంచులు కత్తిరించి కుట్టుకున్నారు, దేశం పేరున్న అక్షరాలను చొక్కాలకు తామే అతికించుకున్నారు. రోజుకు పది డాలర్ల బత్తెం. యెసోలోలో నాలుగు ఆటలు ఆడారు. ఆగస్టు 18న ఇటలీతో మొదటి ఆట, 0-1తో ఓటమి. డెన్మార్క్‌తో 2-2తో సమం. అందులో మిషెల్ ఏకర్స్ వేసినది ఈ జట్టు చరిత్రలో మొదటి గోలు. ఇంగ్లండు చేతిలో, మళ్ళీ డెన్మార్క్ చేతిలో ఓటమి. గెలుపు ఒక్కటీ లేదు. ఇటలీ ప్రేక్షకులు యు.ఎస్.ఎ. అనే మూడక్షరాలను ఒకే మాటగా కలిపి ఊసా, ఊసా అని అరిచారు. ఆటకు ముందు చేతులు కలిపి జట్టు వేసే కేకగా అది నిలిచిపోయింది. ఆ యాత్ర నుండి వారు ఇంటికి తెచ్చుకున్న చెప్పుకోదగ్గ ఆస్తి అదొక్కటే.

కుట్టుపని ముచ్చటను అమెరికాలో తరచు నవ్వుతూ చెప్పుకుంటారు, తొలినాళ్ళ అమాయకత్వానికి గుర్తుగా. దానిని అంత తేలికగా తీసుకోవడం సరికాదు. చొక్కా కొలత సరిపోకపోవడమంటే, ఈ ఆట ఆడే శరీరం ఎలా ఉంటుందో కొనుగోలు చేసినవారు ఒక్కసారైనా ఊహించలేదని అర్థం. ఆ లోపం చొక్కాలతో ఆగలేదు. బూట్లకు, సాధన పద్ధతులకు, గాయాల చికిత్సకు, ఆహారానికి కూడా అదే మగవారి కొలత ముప్ఫై యేళ్ళకు పైగా కొనసాగింది. జట్టు వెనుక పనిచేసినవారి చరిత్రలో చాలా భాగం ఆ కొలతను సరిదిద్దడమే.

1986లో అన్సన్ డోరెన్స్ శిక్షకుడయ్యాడు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేస్తూనే జాతీయ జట్టునూ చూసుకున్నాడు. 1991లో చైనాలో తొలి ప్రపంచ పోటీ జరిగింది. దానికి ప్రపంచ కప్పు అనే పేరు పెట్టడానికి ఫీఫా వెనుకాడింది. మిఠాయి కంపెనీ వారి ఎం అండ్ ఎమ్స్ పేరు తగిలించి ఒక పొడవాటి బిరుదు ఇచ్చింది, ఆటను తొంభై నిమిషాలకు బదులు ఎనభై నిమిషాలకు కుదించింది. ఆడవారు అంతసేపు పరుగెత్తలేరేమోనని శంక. శంకించినవారిలో వైద్యులెవరైనా ఉంటే వారు ఏ శాస్త్రం చదివి చెప్పారో గాని, గ్వాంగ్‌జౌలో నార్వేపై జరిగిన అంతిమ పోటీలో ఏకర్స్ రెండో గోలు వేసినది ఆట ముగియడానికి రెండు నిమిషాల ముందు. 2-1తో గెలిచి ఇంటికి వస్తే విమానాశ్రయంలో ఎదురుచూసినవారిని వేళ్ళ మీద లెక్కించవచ్చు.

ఆ చైనా యాత్రలో డోరెన్స్ పక్కన సహాయ శిక్షకురాలుగా ఉన్న లారెన్ గ్రెగ్ పేరు తెలుగు పాఠకులకే కాదు, అమెరికన్లలోనూ చాలామందికి తెలియదు. 1986 నుండి దాదాపు పదేళ్ళు ఆమె వర్జీనియా విశ్వవిద్యాలయం మహిళల జట్టుకు ప్రధాన శిక్షకురాలు. 1989 నుండి జాతీయ జట్టులో సహాయకురాలు. ప్రత్యర్థుల ఆటను గమనించడం, వారి అలవాట్లు రాసిపెట్టడం, కొత్త పిల్లలను వెతకడం, సాధన ప్రణాళిక అల్లడం ఆమె పనులు. ఇవేవీ టీవీలో కనిపించవు. 1999 జూలై 10న పసడీనాలోని రోజ్ బౌల్ క్రీడాంగణంలో 90,185 మంది ముందు చైనాతో అంతిమ పోటీ గోలు లేకుండా ముగిసి పెనాల్టీల దాకా వచ్చినప్పుడు, ఎవరు ఏ వరుసలో తన్నాలో జాబితా రాసినది ఆమె. బ్రాండీ ఛేస్టెయిన్ ఆ జాబితాలో ఆరవ పేరు. ప్రధాన శిక్షకుడు టోనీ డిచీకో దానిని అయిదవ చోటికి జరిపాడు, ఎడమ కాలితో తన్నమన్నాడు. కొద్ది నెలల క్రితం పోర్చుగల్‌లో అదే చైనాపై కుడికాలితో తన్నిన పెనాల్టీ గోలు కంబానికి తగిలి వెనక్కి వచ్చిన సంగతి అతడు మరచిపోలేదు. అప్పటినుండి ఛేస్టెయిన్ ఎడమ కాలిని సాధన చేస్తూ వచ్చింది. ఆ తరువాత జరిగినది ప్రపంచమంతా చూసింది. మోకాళ్ళ మీద కూలబడి, చొక్కా విప్పి చేత పట్టుకుని, పిడికిళ్ళు బిగించిన ఛేస్టెయిన్ ఫొటో పత్రికల ముఖచిత్రమైంది. ఆ ఫొటోలో కనిపించని ఒక కాగితం ముక్క ఉంది.

గ్రెగ్‌కు ఆ కాగితం వలన ఒరిగినదేమీ లేదు. డిచీకో తప్పుకున్నాడు. 2000 జనవరిలో పాత క్రీడాకారిణులు జీతాల విషయమై సమాఖ్యతో తగవు పడి ఆస్ట్రేలియా పర్యటనకు రామన్నారు. ఆమె కుర్ర జట్టును వెంటబెట్టుకుని వెళ్ళి గెలిపించి తెచ్చింది. ప్రధాన శిక్షకురాలి పదవి మాత్రం ఏప్రిల్ హైన్రిక్స్‌కు దక్కింది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో గ్రెగ్ విడిచిన పీఠాన్ని అధిష్ఠించినదీ ఆ హైన్రిక్సే. అర్హత విషయంలో హైన్రిక్స్‌ను తప్పుపట్టలేము, 1991 జట్టుకు ఆమె నాయకురాలు. అయినా పదకొండేళ్ళు తెర వెనుక నిలబడిన మనిషిని తెర వెనుక మనిషిగానే చూడడం సంస్థలకు అలవాటైపోతుంది.

అదే రోజు, అదే క్రీడాంగణంలో, ప్రేక్షకులకు కనిపించని మరొక గది ఉంది. 1991లో పది గోళ్ళతో ప్రపంచాన్ని ఆశ్చర్యపరచిన మిషెల్ ఏకర్స్ ఆ తరువాతి ఏళ్ళలో తెలియని జబ్బుతో క్రుంగిపోయింది. నిద్రపోయి లేచినా తీరని అలసట, మైగ్రేన్, తల తిరగడం, కొద్ది శ్రమకే రోజుల తరబడి మంచం పట్టడం. 1994లో దానికి క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఆ రోజుల్లో ఎందరో వైద్యులు దానిని జబ్బుగానే అంగీకరించలేదు. సోమరితనమనీ మనోవ్యాధి అనీ కొట్టిపారేశారు. ప్రపంచంలోనే మేటి క్రీడాకారిణికి ఆ రోగం రావడం వలన, సోమరితనం మాట ఎత్తడం వారికి కొంచెం కష్టమైంది. ముందు వరుసలో పరుగెత్తే ఆమెను డిచీకో మధ్య వరుసకు తెచ్చాడు. ఆట ముగిసిన ప్రతిసారీ ఆమెకు సెలైన్ ఎక్కించడం జట్టు వైద్యబృందానికి నిత్యకృత్యమైంది. రోజ్ బౌల్‌లో ఆ మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. తొంభై నిమిషాలు ముగియబోతుండగా చైనా కొట్టిన కార్నర్ బంతికి అడ్డువెళ్ళి, సొంత గోల్‌కీపరు బ్రియానా స్కరీ పిడికిలి దెబ్బ తగిలి ఏకర్స్ కూలిపోయింది. లేవనెత్తి లోపలికి తీసుకుపోయారు. అదనపు సమయం నడుస్తున్నంతసేపూ, పెనాల్టీలు తన్నుతున్నంతసేపూ ఆమె చేతికి సూదితో బల్ల మీద ఉంది. ఆట టీవీలో చూసింది. జట్టును పధ్నాలుగేళ్ళు మోసిన మనిషి ఆఖరి ఘట్టానికి తానే నేపథ్యంలోకి వెళ్ళిపోయింది.

జెరె లాంగ్‌మన్ రాసిన ‘ది గర్ల్స్ ఆఫ్ సమ్మర్’ 2000లో వెలువడింది. ఆ ఒక్క ఆటను కేంద్రంగా చేసుకుని చుట్టూ ఇరవై మంది జీవితాలను అల్లిన పుస్తకం అది. వైద్యవృత్తిలో ఉన్నవారు ఏకర్స్ కథ దగ్గర ఆగిపోకుండా ఉండలేరు. విశ్రాంతి తప్ప చికిత్స లేదని తెలిసిన రోగికి జట్టు వైద్యుడు ప్రతి ఆట తరువాత సెలైన్ పెట్టి మరునాటికి నిలబెట్టాడు. అతడు ఎవరి వైద్యుడు? రోగికా, జట్టుకా? ఏకర్స్ ఆడాలనే కోరింది, ఎవరూ బలవంతపెట్టలేదు. అంతమాత్రాన ప్రశ్న తీరదు. పరుగెత్తగలిగినంత కాలం పరుగెత్తాలనే కోరిక ఆటగాళ్ళందరికీ ఉంటుంది, వద్దని చెప్పడానికే పక్కన మరొక మనిషి ఉంటాడు. ఆ మనిషికి జీతమిచ్చేది గెలుపు కోరుకునే సంస్థ. క్రీడావైద్యంలో ఈ ముడి ఈనాటికీ విడలేదు.

మనసు సంగతి చూసేందుకు ఒక మనిషి కావాలని డిచీకోకు తోచడం ఆ కాలానికి కొత్త. పసిఫిక్ లూథరన్ విశ్వవిద్యాలయంలో శిక్షకురాలూ ఆచార్యులూ అయిన కాలీన్ హ్యాకర్ 1996 ఒలింపిక్స్ నాటికి జట్టు మానసిక శాస్త్రవేత్తగా చేరింది. ఒక్కొక్క క్రీడాకారిణికి వేరువేరుగా ఆడియో టేపు తయారుచేసింది. అందులో ఆమెకు నచ్చిన పాటలు, ఆమె బాగా ఆడిన ఘట్టాలను తలపుకు తెచ్చే మాటలు. నిద్రపోయే ముందు వినాలి. ఆ పద్ధతులను ఆమె డిచీకోతో కలిసి 2002లో ‘క్యాచ్ దెమ్ బీయింగ్ గుడ్’ అనే పుస్తకంలో వివరించింది. ఆడపిల్లలకు ఆట నేర్పేవారి కోసం రాసిన ఆ పుస్తకం పేరులోనే దాని సారం ఉంది. తప్పు చేసినప్పుడు పట్టుకోవడం అందరూ చేసేదే, మంచిగా ఆడినప్పుడు పట్టుకుని చెప్పమన్నారు. తరగతి గదిలో బెత్తంతో పెరిగిన మన తరాలకు ఈ సలహా ఎంత వింతగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. కొన్ని అధ్యాయాలు పాఠ్యపుస్తకంలా సాగి విసుగు పుట్టిస్తాయి. అయినా ఆ విషయంపై అంత నిక్కచ్చిగా రాసిన పుస్తకాలు అరుదు.

జట్టు వెనుక వైద్యులు, శాస్త్రవేత్తలు ఉన్నంతకాలం ఉంటారు, తరువాత? రోజ్ బౌల్‌లో లియూ యింగ్ పెనాల్టీని ఆపి కప్పు తెచ్చిన స్కరీ కథ దానికి జవాబు. 2010 ఏప్రిల్‌లో, హెర్న్‌డన్‌వారు సులువుగా వెళ్ళి చూసి రాగలిగిన వాషింగ్టన్ ఫ్రీడమ్ క్లబ్బుకు ఆడుతుండగా, ప్రత్యర్థి మోకాలు ఆమె తలకు తగిలింది. ఆ రోజుతో ఆట ముగిసింది. తలనొప్పి, వెలుగు చూడలేకపోవడం, మాట మరచిపోవడం, నిరాశ మూడేళ్ళు వెంటాడాయి. చికిత్స ఖర్చుకై బీమావారితో పెనుగులాట. ఒలింపిక్ స్వర్ణపతకాలు రెండూ తాకట్టు కొట్టుకు చేరాయి, 18,000 డాలర్లకు. 2013లో జార్జ్‌టౌన్ ఆసుపత్రిలో తల వెనుక దెబ్బతిన్న నరానికి శస్త్రచికిత్స జరిగాక గాని నొప్పి తగ్గలేదు. పతకాలు తరువాత విడిపించుకున్నారు. 2022లో వచ్చిన ఆమె ఆత్మకథ ‘మై గ్రేటెస్ట్ సేవ్’లో ఆటల వర్ణన కన్నా ఈ మూడేళ్ళ చీకటి పుటలే గుర్తుండిపోతాయి. తల స్కానులో ఏమీ కనిపించని రోగి తన నొప్పిని నమ్మించడానికి పడే శ్రమ ఏమిటో ఏకర్స్ తరువాత మళ్ళీ అదే జట్టులో మరొకరు చూశారు.

చొక్కాల కొలత మారినా శాస్త్రం కొలత మారలేదని ముందే చెప్పుకున్నాము. దీనికి లెక్క ఉంది. 2014 నుండి 2020 వరకు ఆరు ప్రధాన క్రీడావిజ్ఞాన పత్రికలలో వచ్చిన 5,261 అధ్యయనాలను పరిశీలిస్తే, స్త్రీలను మాత్రమే పరిశీలించినవి 6 శాతం. మోకాలిలోని ఏసీఎల్ బంధనం తెగడం ఆడవారిలో మగవారికన్నా కొన్ని రెట్లు ఎక్కువని దశాబ్దాలుగా తెలుసు. కారణాలపై నేటికీ వాదనలే. ఇంగ్లండు నుండి 2010లో వచ్చి అమెరికా జట్టు శారీరక సామర్థ్య బాధ్యత తీసుకున్న డాన్ స్కాట్ ఈ ఖాళీలో చేయి పెట్టింది. 2019 ప్రపంచ కప్పుకు ముందు ఒక్కొక్క క్రీడాకారిణి ఋతుచక్రాన్ని, ఏ దశలో ఆమెకు ఏ ఇబ్బంది కలుగుతుందో నమోదు చేయించింది. దానినిబట్టి ఆహారం, నిద్ర, సాధన తరువాతి విశ్రాంతి మార్చుకునే సూచనలు ఇచ్చింది. ఎంతోకాలం ఎవరూ పెదవి విప్పని విషయం హోటలు గది గోడ మీద అంటించిన కాగితమైంది. 2019 జూలై 7న లియాన్‌లో నెదర్లాండ్స్‌ను 2-0తో ఓడించాక విలేకరులు గోళ్ళు వేసినవారితో పాటు ఆమెనూ వెతుక్కుంటూ వచ్చారు. ఋతుచక్రం లెక్కవేయడం వలననే కప్పు వచ్చిందనడం అతిశయోక్తి. ఆ జట్టు అది లేకున్నా గెలవగలదు. జరిగిన మేలు మరొకటి. బయటికి చెప్పరానిదిగా దాచుకున్న నొప్పి నమోదు చేయదగిన సమాచారమైంది. స్కాట్ తరువాత హెర్న్‌డన్ పొరుగుననే ఉన్న వాషింగ్టన్ స్పిరిట్ క్లబ్బుకు వచ్చి ఇటువంటి పనే చేపట్టింది. ఆ క్లబ్బు సాధన చేసే లీస్‌బర్గ్ మైదానం హెర్న్‌డన్‌కు కారులో అరగంట. స్పిరిట్ యజమాని మిషెల్ కాంగ్, కొరియా నుండి విద్యార్థినిగా వలస వచ్చిన వ్యాపారవేత్త, స్త్రీల శరీరానికి తగిన క్రీడావిజ్ఞానమే లక్ష్యంగా ధనం వెచ్చిస్తోంది. 2024 నవంబరులో అమెరికా సమాఖ్యకు మూడు కోట్ల డాలర్ల విరాళం ప్రకటించింది.

ఆ సమాచారం ఎవరి చేతిలో ఉండాలన్నది మరో చిక్కు. శరీరపు లోగుట్టు తెలిసిన మనిషికి క్రీడాకారిణిపై అధికారమూ వస్తుంది, రేపటి ఆటలో ఆమె ఉండాలా వద్దా అనే మాటలో ఆ మనిషికీ పాలుంటుంది. 2022 అక్టోబరులో శాలీ యేట్స్ సమర్పించిన విచారణ నివేదిక అమెరికా వృత్తి మహిళల లీగులో శిక్షకుల దుర్భాష, లైంగిక దుష్ప్రవర్తన ఏళ్ళ తరబడి ఎలా సాగాయో, ఫిర్యాదులు ఎలా మరుగునపడ్డాయో వెల్లడించింది. తెర ప్రతిసారీ కాపాడదు, దాచనూ దాచుతుంది.

క్రీడాకారిణులు ఈ రెండింటినీ ఎరిగే కోర్టుకు వెళ్ళారనుకోవాలి. 2019 మార్చి 8న అమెరికా జట్టు తన సమాఖ్యపై వేసిన దావాను అందరూ సమాన వేతనపు దావాగానే గుర్తుంచుకున్నారు. కేట్లిన్ మర్రే అదే యేడు ప్రచురించిన ‘ది నేషనల్ టీమ్’ ఆ దావాకు దారితీసిన ముప్ఫై యేళ్ళ తగవులను ఓపికగా విప్పి చెబుతుంది. దావాలో వేతనంతో పాటు ప్రయాణం, శిక్షణ, వైద్యం కూడా ఉన్నాయి. 2020 డిసెంబరులో పనిపరిస్థితుల భాగం ముందుగా రాజీకి వచ్చింది. విమానం, హోటలు, మైదానంతో పాటు జట్టు వెంట ఉండవలసిన సిబ్బంది ఎందరన్నది కూడా అందులో ఒక అంశం. 2022 ఫిబ్రవరిలో వేతనం విషయమూ తేలింది, 2.4 కోట్ల డాలర్లకు. పత్రికలు రెండోదానినే పతాక శీర్షిక చేశాయి. చరిత్ర చదివేవారికి మొదటిదే ముఖ్యం. మగవారి చొక్కాలను కత్తిరించుకున్న రాత్రికి ముప్ఫై అయిదేళ్ళ తరువాత, జట్టు వెనుక ఎవరుండాలన్నది న్యాయస్థానం ఆమోదించవలసిన పత్రంలోకి ఎక్కింది.

హెర్న్‌డన్ మైదానం పక్కన నిలబడిన తెలుగు తల్లిదండ్రులకు ఈ చరిత్ర పరాయిది కావచ్చు. వారు విడిచివచ్చిన దేశంలో ఇదే కథ ఇంకా నిండు మధ్యలో ఉంది. 1975లో భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. ఈస్ట్ బెంగాల్ మాజీ ఆటగాడు సుశీల్ భట్టాచార్య తొలి శిక్షకుడు. ఆ జట్టు 1979లో కోళిక్కోడులో, 1983లో థాయ్‌లాండ్‌లో ఆసియా పోటీల అంతిమ ఘట్టం దాకా వెళ్ళింది. శాంతి మల్లిక్‌కు 1983లో అర్జున అవార్డు వచ్చింది. ఆ లెక్కన చూస్తే అమెరికా జట్టు పుట్టకముందే భారత జట్టు ఆసియాలో రెండో స్థానంలో ఉంది. తరువాత ఏమైందో ఒక్క మాటలో చెప్పవచ్చు. 2009లో, ఏడాదిన్నరగా ఒక్క అంతర్జాతీయ ఆటా ఆడని కారణంగా, ఫీఫా తన పట్టిక నుండి భారత మహిళల జట్టు పేరు తీసివేసింది. గోళ్ళు వేసేవారు లేక కాదు, ఆట ఏర్పాటు చేసేవారు లేక.

2022 జనవరిలో ఆసియా కప్పుకు భారతదేశమే ఆతిథ్యమిచ్చింది. ప్రపంచ కప్పుకు దారి ఆ పోటీయే. 20వ తేదీన ఇరాన్‌తో ఆట గోలు లేకుండా ముగిసింది. 23న చైనీస్ తైపేతో ఆడవలసి ఉంది. ఆ రోజు పొద్దుగూకేసరికి బరిలోకి దిగడానికి నియమం ప్రకారం కావలసిన పదమూడు మంది భారత జట్టులో లేరు. బయటివారెవరూ చేరరాదని కట్టిన బుడగలోనే కోవిడ్ వ్యాపించింది. జట్టు పోటీ నుండి తొలగింది, ఆడిన ఒక్క ఆట కూడా లెక్కలోంచి చెరిగిపోయింది. ఏళ్ళ తరబడి శ్రమించిన ఆడపిల్లలు ప్రత్యర్థిని చూడకుండానే ఓడిపోయారు. హోటలు పనివారి పరీక్షలు, గదుల కేటాయింపు, ఫలితాలు వచ్చే వేళలు వంటి, ఎవరూ చప్పట్లు కొట్టని పనులు ఎంత బరువైనవో ఆ సాయంత్రం తెలిసింది. అదే ఏడాది వేసవిలో పదిహేడేళ్ళ లోపు బాలికల జాతీయ జట్టు సహాయ శిక్షకుడొకడిని దుష్ప్రవర్తన ఆరోపణపై యూరప్ పర్యటన మధ్యనుండి వెనక్కి రప్పించి, తొలగించారు.

అయినా 2025 జూలై 5న చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి ఆ జట్టు 2026 ఆసియా కప్పుకు అర్హత గెలుచుకుంది. అర్హత పోటీలు ఆడి ఆసియా కప్పుకు చేరడం భారత మహిళలకు అదే మొదలు. ఆ తరపు జట్టు ముందు వరుసలో ఆడే గుగులోతు సౌమ్యది నిజామాబాద్ జిల్లా. తెలంగాణ తండా నుండి జాతీయ జట్టు వరకు సాగిన ఆ దారిలో బూట్లు కొనిపెట్టినవారు, బస్సు ఎక్కించినవారు, అన్నం వండి ఎదురుచూసినవారు ఎందరో ఉండి ఉంటారు. వారి పేర్లు ఏ పట్టికలోనూ ఎక్కవు.

హెర్న్‌డన్‌లో పదిన్నరకు ఆట ముగుస్తుంది. పిల్లలు చేతులు కలుపుకుని విడిపోతారు. టీమ్ మేనేజరు సాధన చొక్కాలు లెక్కపెట్టి సంచిలో వేసుకుంటారు, ఒకటి తగ్గితే గడ్డిలో వెతుకుతారు. మడమ మెలిపడిన పిల్ల కాలి మీద ఐస్ సంచి ఇంకా కరుగుతూ ఉంటుంది. సోమవారం వైద్యుడికి చూపించాకే సాధనకు పంపమని వాళ్ళమ్మకు రెండోసారి చెబుతారు. స్కోరెంతని ఇంటినుండి ఫోను వస్తే, పక్కవారిని అడిగి చెబుతారు.